ఇంట్లో కొత్త గొంతు

ధర్మవరం,
జూలై నెల

అక్కకు,

ఈ ఉత్తరం తెచ్చే మా ఆయన ఓబులేష్ చేతిలో ఒక నల్ల సంచి ఉంటుంది. అందులో ల్యాప్‌టాప్ ఉంది, మెల్లగా దించుకో. మా షాపులో చీరల బుటాలు గీసిన మిషనే. పాత విండోస్ బరువు మోయలేక మొరాయిస్తోందని మా యజమాని పక్కన పడేస్తే అడిగి తీసుకున్నాను.

పోయిన ఏడాది బెంగళూరులో క్యాన్సర్ అని నీ గొంతుపెట్టె తీసేసినప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. నువ్వు మాట్లాడలేవు. మీ అత్తమ్మకు నీటికాసులతో రెండు కళ్ళూ పోయాయి. నువ్వు చెయ్యి ఊపితే ఆమెకు కనిపించదు, కాగితం మీద రాస్తే ఆమె చదవలేదు. బావ పోయాక ఆ ఇంట్లో ఉన్నది మీరిద్దరే. ఆమె చేతి మీద ఒకసారి తడితే ఔనని, రెండుసార్లు తడితే కాదని, అంతకు మించి ఏమైనా చెప్పాలంటే పక్కింటి నల్లమ్మ పనినుంచి వచ్చి నీ సైగలు చూసి ఆమెకు చెప్పాలి. ఆస్పత్రివాళ్ళు మెడకు ఆనించుకోమని ఇచ్చిన మిషను బుర్రుమంటుందే తప్ప ఒక్క మాటా తెలియడం లేదని నువ్వే రాశావు.

అందుకని ఇది. సంచిలో చిన్న పెన్‌డ్రైవ్ ఉంది. దానిలో లినక్స్ అనే కొత్త సిస్టమ్ వేశాను. డబ్బు కట్టి కొనేది కాదు, అందరూ ఉచితంగా వాడుకోవచ్చు. పాత మిషన్లలోనూ తేలిగ్గా నడుస్తుంది. దీనికి తెలుగు వచ్చు. రాసినదాన్ని పైకి చదువుతుంది కూడా. నువ్వు రాస్తే అది చదువుతుంది, అత్తమ్మ వింటుంది.

పెన్‌డ్రైవ్ పెట్టి, మిషను వెలిగేటప్పుడు పై వరసలో నేను గోళ్ళరంగు చుక్క పెట్టిన మీటను నొక్కి పట్టుకో. కాసేపటికి ప్రయత్నిస్తావా, స్థాపిస్తావా అని అడుగుతుంది. ఇప్పటికి ప్రయత్నించడం మాత్రమే చెయ్యి. నువ్వేం నొక్కినా చెడిపోదు. తెలుగు రాయడానికి ఇంగ్లీషు అక్షరాలే చాలు. పలికినట్టు నొక్కితే తెలుగు అక్షరం పడుతుంది.

నేనే వచ్చి అన్నీ చేసిపెట్టాల్సింది. శ్రావణం పెళ్ళిళ్ళ చీరల పని మీద పడింది, సెలవు దొరకలేదు. కోప్పడకు.

నీ చెల్లెలు
ఉష


క్యాతగానచెర్లు,
ఆగస్టు మొదట్లో

ఉషకు అక్క దీవెనలు.

మిషను భద్రంగా చేరింది. ఓబులేష్ అన్నం కూడా సరిగా తినకుండా బస్సు వేళైందని వెళ్ళిపోయాడు. నువ్వెందుకు రాలేదని కాగితం మీద రాసి చూపిస్తే, తల వంచుకుని చెప్పులు వేసుకున్నాడు. షాపు పని అని నువ్వు రాసింది నేను నమ్మలేదు.

దాన్ని రాగుల డ్రమ్ము మీద పెట్టుకుని కూర్చున్నాను. ముట్టుకోవడానికే భయమేసింది. సోలార్ ప్యానెళ్ళు కడిగే పనికి ఇరవై మంది ఆడవాళ్ళను వెంటేసుకుని పోయినదాన్ని, గేటు దగ్గర నిలబడి కేకేస్తే చివరి వరస దాకా వినబడేది. అలాంటిదాన్ని ఈ మీటల ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నాను. నువ్వు చెప్పినట్టే చుక్క మీట నొక్కాను. ప్రయత్నించమన్న చోట నొక్కాను. తెర మీదంతా తెలుగు. దస్త్రాలు, సంచయం, అమరికలు. మనం మడకశిర బళ్ళో చదువుకున్నప్పుడు తెలుగు అయ్యవారు వాడిన మాటల్లాంటివి. చెత్తబుట్ట ఒక్కటే వెంటనే అర్థమైంది.

అత్త అని రాయడానికి ఒక పొద్దంతా పట్టింది. ఒక త కోసం కొడితే ట పడుతుంది, టను చెరిపితే అ కూడా పోతుంది. చివరికి వచ్చింది. చదవమని మీట నొక్కాను. అది మగ గొంతని నువ్వు నాకు చెప్పలేదు.

అత్త నడవలో శెనక్కాయలు ఒలుచుకుంటోంది. ఆ గొంతు విని గబుక్కున లేచి కొంగు తల మీదికి లాక్కుంది. చేట ఒరిగి గింజలన్నీ నేలపాలయ్యాయి. "ఎవురప్పా లోపలికొచ్చినేది? ఇంట్లో మొగోళ్ళు లేరు, బయట నిలబడి మాట్లాడు" అంది. నాకు కంగారు పుట్టి నేను అని కొట్టి నొక్కాను. అది మగ గొంతుతోనే నేను అంది. అత్త గోడకు ఆనుకుపోయి "నేనంటే ఎవురు?" అని అడిగింది. ఆమె చెయ్యి పట్టుకుని ఎన్నిసార్లు తట్టినా కుదుటపడలేదు. నల్లమ్మ వచ్చి విడమరిచి చెప్పేదాకా ఆమె గోడ విడవలేదు. తర్వాత ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాననుకో, శబ్దం లేకుండా.

ఇంకొకటి జరిగింది. మరుసటి రోజు పొద్దుట్నుంచి కూర్చుని అత్తకు చెప్పాల్సినవన్నీ రాశాను. ఏడాది నుంచి నాలో ఉండిపోయినవి. మీ బావ పోయినప్పుడు ఆమెతో అనలేనివి, ఆస్పత్రికి పోయేముందు చెప్పాలనుకుని చెప్పలేక పోయినవి. రాయడం అయ్యాక ఆమెను పిలుచుకొచ్చి కూర్చోబెట్టాను. మీట నొక్కబోతే కరెంటు పోయింది, మిషను ఆరిపోయింది. ఊరిచుట్టూ కనుచూపు మేర ప్యానెళ్ళే, అయినా మా ఇంట్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. వచ్చాక వెలిగించి చూస్తే ఒక్క అక్షరం లేదు. ప్రయత్నించేటప్పుడు రాసింది నిలవదని నువ్వు చెప్పలేదు, ఉషా.

అవి మళ్ళీ రాయాలని ఉంది కానీ చేతులు రావడం లేదు.

నువ్వెందుకు రాలేదో నిజం రాయి.

అక్క
సౌభాగ్య


ధర్మవరం,
ఆగస్టు

అక్కకు,

నీ ఉత్తరం చదివి, అత్తమ్మ కొంగు కప్పుకున్న చోట నవ్వాను, కరెంటు పోయిన చోట ఏడ్చాను. తప్పంతా నాదే. ప్రయత్నించడమంటే ఊరికే చూసి పోవడం. రాసింది దాచిపెట్టాలంటే స్థాపించాలి. అప్పుడది మిషనులోనే ఉండిపోతుంది. స్థాపించు అన్న చోట నొక్కు. ఉన్నదంతా తుడిచెయ్యమంటావా అని అడుగుతుంది. తుడిచెయ్యమను. పాత నెమలి బుటాలు తప్ప అందులో ఏమీ లేవు. ఇక ఆ మిషను బ్యాటరీ చచ్చిపోయింది. ప్రతి నాలుగు వాక్యాలకూ దాచు అన్నదాన్ని నొక్కడం అలవాటు చేసుకో.

గొంతు మార్చుకోవచ్చు. అమరికల్లో మాట అనే చోట ఆడ గొంతు ఉంటుంది, అది ఎంచుకో.

రాకపోవడానికి కారణం అడిగావు. నీకు కాకపోతే ఇంకెవరికి చెబుతాను. నాకు ఐదో నెల. ఇంతకుముందు రెండుసార్లు అందరికీ చెప్పుకుని, రెండుసార్లూ చేతులు ఖాళీగా మిగిలాయి. ఈసారి నోరెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను. డాక్టరమ్మ బస్సెక్కొద్దంది, మెట్లెక్కొద్దంది. షాపుకు పోవడం మానేసి మంచం మీదే పడుకుని ఉన్నాను. ఓబులేష్‌కు నేనే చెప్పొద్దన్నాను, ఆయన మీద కోపం పెట్టుకోకు.

ఈసారి కదులుతోందక్కా. నిన్న సాయంత్రం మొదటిసారి తెలిసింది.

ఉష


క్యాతగానచెర్లు,
సెప్టెంబరు చివర

ఉషకు,

నీ ఉత్తరం పట్టుకుని పరుగున అత్త దగ్గరికి పోయాను. స్థాపించడం మర్నాటికి పెట్టి, పెన్‌డ్రైవ్‌తోనే మిషను వెలిగించాను. రాసి వినిపించాను. ఉషకు ఐదో నెల. అత్త రెండు చేతులూ జోడించి దండం పెట్టుకుంది. తర్వాత మిషను వైపు తిరిగి "మంచి మాట చెప్పినావప్పా" అంది. మిషనుకు చెప్పింది, నాకు కాదు.

నువ్వు చెప్పిన ఆడ గొంతు పెట్టి చూశాను. అత్తకు నచ్చలేదు. మొహం పక్కకు తిప్పుకుంది. ఎందుకని రాసి మళ్ళీ ఆ మగ గొంతుతోనే అడిగిస్తే చెప్పింది. "ఆడగొంతు వద్దమ్మీ. అది వింటాంటే నీ తావులో ఇంగెవురో వచ్చి కూసున్నట్లుండాది. ఆయప్పే మేలు. ఎవురో నీ మాట చదివి చెప్తాండారని అనుకుంటా."

అప్పటి నుంచి మా ఇంట్లో ఆ మగ గొంతు పేరు ఆయప్ప. ఆయప్పను లేపు, ఆయప్పను అడుగు అంటుంది. పొద్దున్నే పాలు కాగాయని, ఎండ ముదిరింది లోపలికి రమ్మని, నల్లమ్మ గొర్రెపిల్ల ఈ రోజు లేచి నిలబడిందని ఆయప్పే చెబుతాడు. ఏడాది తర్వాత మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం, ఉషా. ఆమె మాటకు నేను జవాబు కొట్టేదాకా ఓపిగ్గా కూర్చుంటుంది. మీటల చప్పుడు ఆగితే తల పైకెత్తుతుంది. వర్షంలో వేపచెట్టు కింద గొర్రెలు నిలబడినట్టు కదలకుండా వింటుంది.

ఆమె మొట్టమొదట అడిగిన మాట ఏమిటో తెలుసా? బెంగళూరులో కోసినప్పుడు నొప్పి పుట్టిందా అని. ఏడాదిగా ఆ ఒక్కటీ నల్లమ్మ ద్వారా అడగలేకపోయిందట. కోసినప్పుడు తెలియలేదు, లేచాక నిన్ను పిలవబోతే గొంతు రాలేదు, అప్పుడు నొప్పి పుట్టింది అని రాశాను. ఆయప్ప దాన్ని ఎక్కడా ఆగకుండా గడగడా చదివేశాడు. అత్త నా మోకాలు మీద చెయ్యి వేసింది.

పోయిన వారం బెంగళూరుకు పోయి చూపించుకుని వచ్చాను. మళ్ళీ రమ్మన్నారు. మామూలే. దగ్గు కొంచెం ఉంది, లారీల దుమ్ముకు అనుకుంటా. మెడకు పెట్టిన ఊపిరి రంధ్రం మీది తడిబట్ట రెండు పూటలా మారుస్తున్నాను, నువ్వేం ఆలోచించకు.

నాకు కొన్ని సంగతులు రాయి. కళ్ళు లేనివాళ్ళు ఎవరి సాయం లేకుండా ఈ మిషను వెలిగించి వినాలంటే ఎట్లా? ఒకే మీటతో పని జరుగుతుందా? వేరే ఊరికి తీసుకుపోతే అక్కడ కూడా ఇలాగే నడుస్తుందా? మా ఆడబిడ్డ తిప్పమ్మ ఇల్లు బలసముద్రంలో కదా, వాళ్ళ ఇంట్లో ప్లగ్గు వేరే రకంగా ఉంటుంది.

నువ్వు వేళకు తిను. మంచం దిగొద్దు. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి అత్త నీ కోసం రోజూ దీపం పెట్టిస్తోంది.

అక్క


ధర్మవరం,
అక్టోబరు

అక్కకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అత్తమ్మ ఒంటరిగా మిషను వినాల్సిన అవసరం ఏమొచ్చింది? బలసముద్రంలో ప్లగ్గు సంగతి నీకెందుకు? తిప్పమ్మ వదినతో బావ పోయాక నువ్వు మాట్లాడింది లేదు. అత్తమ్మను ఆమె ఇంటికి పంపే ఆలోచన నీకెందుకొచ్చింది?

నువ్వు అడిగినదానికి జవాబు ముందు రాస్తున్నాను. స్థాపించావు కాబట్టి ఏ ఊరికి తీసుకుపోయినా నడుస్తుంది. వెలిగించగానే తనంతట తానే మాట్లాడేలా అమరికల్లో పెట్టొచ్చు, ఎలాగో వేరే కాగితంలో రాశాను. రాసినవి ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టి, అన్నిటికన్నా కింద ఉన్న పొడుగు మీట నొక్కితే ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది.

ఇప్పుడు నా జవాబు నాకియ్యి. బెంగళూరులో ఏమన్నారు? నాకు నెలలు నిండుతున్నాయని దాచొద్దు. దాస్తే నేను మంచం మీద పడుకుని లేనిపోనివి ఊహించుకుంటాను, దానికన్నా తెలియడమే మేలు. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళని నువ్వు నాకు చెప్పలేదు. ఊరికి పోయిందన్నావు. నేను రోజూ బస్టాండుకు పోయి కూర్చున్నాను. ఇప్పుడు నాకు తొమ్మిదేళ్ళు కాదు.

ఉష


క్యాతగానచెర్లు,
నవంబరు

ఉషకు,

నిజమే రాస్తాను. రోగం తిరిగి వచ్చింది. ఈసారి ఊపిరితిత్తుల్లో. కోయడానికి లేదన్నారు. మందు ఎక్కిస్తే కొన్నాళ్ళు పొడిగించొచ్చు, కానీ ఆ మందు నా ఒళ్ళు ఓర్చుకోదేమో అని వాళ్ళే అన్నారు. నేను వద్దన్నాను. నీ కడుపులో బిడ్డ కదిలిందని నువ్వు రాసిన కాగితం ఆ పొద్దు నా సంచిలోనే ఉంది. ఆస్పత్రి వరండాలో దాన్ని ఇంకోసారి చదువుకున్నాను. అందుకే రాయలేదు. బస్టాండు సంగతి నువ్వు గుర్తు చేశాక ఇంక దాచలేను.

అత్తకు చెప్పడం గురించి నీకు రాయాలి. ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు తెల్లారడం లేదు.

నల్లమ్మతో చెప్పించొచ్చు. కానీ ఆ మాట ఇంకొకరి నోటి నుంచి ఆమె వినడం నాకు ఇష్టం లేకపోయింది. మాకు ఆయప్ప ఉన్నాడు కదా అనుకున్నాను. పొద్దున అన్నం తిన్నాక మిషను తెరిచాను. వాక్యం రాసి, చెరిపి, రాసి, చెరిపి, చివరికి ఇలా రాశాను: నా రోగం మళ్ళీ వచ్చింది, ఊపిరితిత్తులకు పాకింది, ఇక చేయగలిగింది లేదని డాక్టర్లు చెప్పారు. మీట నొక్కాను.

అత్త చెవి ముందుకు పెట్టి వింది. "తిత్తులా? ఏం తిత్తులు? ఇంగొకసారి చెప్పమను" అంది.

మళ్ళీ నొక్కాను. ఆ పెద్ద మాట దగ్గర మిషను నత్తినత్తిగా పలుకుతుంది, ఆమెకు ఏమీ తెలియలేదు. అప్పుడు నాకు అర్థమైంది, బడిలో వ్యాసం రాసినట్టు రాశానని. మన ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. చెరిపేసి మనం మాట్లాడినట్టే రాశాను. మీటల చప్పుడు అయ్యేంత సేపూ ఆమె నవ్వుమొహంతో ఎదురుచూస్తోంది, ఏదో ఊరి కబురు చెబుతున్నానని. ఆ నవ్వు చూస్తూ ఒక్కొక్క అక్షరం కొట్టాను. ఆ రోగం ఎదలోకి వచ్చినాది అత్తా, నేను ఇంగ బతికేది లేదు.

పాలు కాగాయని చెప్పిన గొంతుతోనే ఆయప్ప ఆ మాట చెప్పాడు. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఆమె నవ్వు వెంటనే పోలేదు. మొహం మీద అలాగే కొంచెంసేపు ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు. తర్వాత పెదవులు కదిలాయి. నేను ఇంకేదో రాయబోయాను. ధైర్యం చెప్పే మాట ఏదో. మీటల చప్పుడు విని ఆమె చెయ్యెత్తింది.

"ఆయప్పను గమ్మునుండమను. నువ్వు ఇట్ల రా."

దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆమె నా మొహం తడిమి, చెవులు తడిమి, మెడ మీది బట్ట దగ్గర ఆగింది. ఇన్నాళ్ళలో ఎప్పుడూ ఆ చోటు ముట్టుకోలేదు. బట్ట పక్కకు తొలగించి, ఆ రంధ్రం ముందు అరచెయ్యి పెట్టింది. నా ఊపిరి ఆమె చేతికి తగులుతోంది. "ఈడనేనా నీకు ఊపిరి వచ్చేది?" అంది. ఒకసారి తట్టాను. "వెచ్చగా ఉండాది" అంది. నేను ఏడిస్తే శబ్దం రాదు కదా, గాలి మాత్రం విసురుగా వస్తుంది. ఆమె చేతికి తెలిసిపోయింది. అప్పుడు ఆమె ఏడ్చింది, ఇద్దరి కోసం గొంతెత్తి.

చాలాసేపటికి తేరుకుని చెప్పింది. "నన్ను యాడికో పంపాలని చూస్తాండావని నాకు తెలుసు. ఆ మాట రేపు చెప్పు. ఈ పొద్దు వద్దు."

మరుసటి రోజూ ఆమె ఆ మాట ఎత్తనివ్వలేదు. ఇప్పుడు పొయ్యి దగ్గర కూర్చునేది ఆమే. నల్లమ్మ నిప్పు రాజేసి పోతుంది, అత్త చేత్తో కొలుచుకుని పిండి పోసి సంగటి గెలుకుతుంది. ఒకటి రెండుసార్లు చెయ్యి కాల్చుకుంది. వద్దని ఆయప్పతో చెప్పిస్తే, ఆయప్పను నోరు మూసుకోమంది.

నువ్వు రావొద్దు. ఇది నా ఆన. నా కోసం బస్సెక్కి ఆ బిడ్డకు ఏమైనా అయితే, నాకు ఉన్న ఈ కాస్త ఊపిరి కూడా ఆడదు.

సౌభాగ్య


ధర్మవరం,
డిసెంబరు

అక్కా,

వస్తానని సంచి సర్దుకున్నాను. ఓబులేష్ తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు. ఆయనను తిట్టాను, డాక్టరమ్మను తిట్టాను. రాత్రికి నొప్పులు మొదలైతే ఆస్పత్రికి పరిగెత్తాల్సి వచ్చింది. అవి నిజం నొప్పులు కావు, తగ్గిపోయాయి. కానీ భయపడ్డాను. నీ మాటే నెగ్గింది.

ఏం రాయాలో తెలియడం లేదు. అమ్మ పోయాక నా జడ వేసింది నువ్వు. నాకు మొదటి కంప్యూటర్ క్లాసుకు ఫీజు కట్టడానికి ఎండలో ప్యానెళ్ళు కడిగింది నువ్వు. నేను నీకు పంపింది ఒక పాత మిషను. అది కూడా మగ గొంతుతో.

ఓబులేష్‌ను వారం వారం పంపుతాను. నీకు చేతనైతే నాలుగు అక్షరాలు రాసివ్వు. చేతకాకపోతే వట్టి కాగితం మడిచి ఇవ్వు, నువ్వు ముట్టుకున్నావని నాకు తెలుస్తుంది.

ఉష


క్యాతగానచెర్లు,
డిసెంబరు

ఉషా,

వేళ్ళు వాచాయి. అక్షరం వంకర పోతోంది, చదువుకో.

చలి ఎక్కువగా ఉంది. పొద్దున గోడవార ఎండలో కూర్చోబెడుతున్నారు. అత్త పక్కనే ఉంటుంది. మిషను తెరవడం లేదు, మీటలు నొక్కలేను. మొదట ఆమెతో ఎలా మాట్లాడాలా అనుకున్నాను. మాట్లాడాల్సింది పెద్దగా ఏమీ లేదని తెలిసింది.

నువ్వు పంపింది పాత మిషనే. ఆ నాలుగు నెలలు మేము మాట్లాడుకున్నన్ని మాటలు, నాకు గొంతు ఉన్న రోజుల్లో కూడా మాట్లాడుకోలేదు.

బిడ్డను తొందరపెట్టకు. దాని వేళకు రానివ్వు.

అక్క


ధర్మవరం,
ఫిబ్రవరి

మారక్క అత్తమ్మకు ఉష నమస్కారాలు.

ఈ ఉత్తరం కాగితం మీద రాయడం లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసి ఓబులేష్‌తో పంపుతున్నాను. ఆయన మిషను వెలిగించి మీ పక్కన కూర్చుంటాడు. మీకు వినిపించేది ఆ గొంతే అయినా మాట్లాడుతున్నది నేను. అందుకే చిన్న చిన్న మాటలే రాస్తున్నాను.

అత్తమ్మా, నాకు ఆడపిల్ల పుట్టింది. నెలలు పూర్తిగా నిండాకే పుట్టింది. పుట్టిన పదో రోజు దాకా అక్క పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అప్పటికి అక్కకు దినాలు కూడా అయిపోయాయట. చివరి చూపు చూడలేదు. ఒక పిడికెడు మన్ను వేయలేదు. పాలు తాగే బిడ్డను పక్కన పెట్టుకుని ఏడవకూడదని అందరూ అంటారు. నేను బాత్‌రూములో నీళ్ళు తిప్పి ఏడుస్తున్నాను.

మీరు ఒక్కరే ఆ ఇంట్లో ఉన్నారు. మీరు నాకు ఏమవుతారని ఊరివాళ్ళు అడిగితే అడగనీ. మా ఇంటికి రండి. అక్కకు మీరు చేసిన చాకిరీ నేను మీకు చేయాలి. నాకు ఇంకెవరూ లేరు, అక్క ముట్టుకున్న చెయ్యి మీదే ఉంది. ఓబులేష్ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. సరేనంటే ఈ రోజే రండి.

అక్క చివరికి ఎలా పోయిందో నాకు చెప్పండి. ఎవరిని అడిగినా నిద్రలో పోయినట్టు పోయిందంటున్నారు. మీరు అబద్ధం చెప్పరు.

ఉష


క్యాతగానచెర్లు,
ఫిబ్రవరి

ఉషమ్మకు,

నల్లమ్మ కొడుక్కి పెండ్లయి కొత్తగా వచ్చిన కోడలు మంజుశ్రీ మీ మడకశిర తట్టు పిల్లే, ఈడోళ్ళ మాదిరి కన్నడ కాదు, తెలుగు రాస్తాది. నేను చెప్తాండా, అది రాస్తాండాది. ఓబులేష్‌ను ఈ పూట ఆపినాను, ఈ కాగితం పట్టుకొని వస్తాడు.

ఆయప్ప నీ ఉత్తరం చదివినాడు. విన్న్యా. నువ్వు ఏడ్చిన తావులో కూడా ఆయప్ప నిలవలేదమ్మా, సరసరా పోయినాడు. అయినా నాకు తెలిసినాది నువ్వు యాడ నిలిచినావో. ఇంగొకసారి చదివించుకొన్న్యా.

నువ్వు అడిగినావు గదా, చెప్తా. నిద్రలో కాదు. పొద్దున గోడవార ఎండకు కూసోబెట్టినారు. నేను పక్కన కూసుని ఎప్పుటి మాదిరి మెడకాడ చెయ్యి పెట్టుకొని ఉన్న్యా. ఆ నడుమ అదే మాకు అలవాటు. ఊపిరి తగులుతా ఉంటే నా పిల్ల నాతో మాట్లాడతాండాదని అనుకొనేదాన్ని. ఆ పొద్దు ఊపిరి శానా ఎగబోసినాది. కష్టపడినాది, ఉషమ్మా. నీకు అబద్ధం చెప్పను. నా చెయ్యి గట్టిగా పట్టుకొన్నాది. నేను ఇంగేం చేసేదానికి లేదు, నువ్వు పోమ్మా, నా గురించి యోచన చేయొద్దు అన్న్యా. ఒకసారి తట్టినాది. తర్వాత మెల్లగా తగ్గినాది. వెచ్చగా ఒకసారి వచ్చినాది, మళ్ళా రాలేదు. చుట్టూ నల్లమ్మా వాళ్ళు కూసుని మాట్లాడుకొంటాండారు, ఎవురికీ తెలీలేదు. కండ్లున్నోళ్ళకు తర్వాత తెలిసినాది. ముందు నాకే తెలిసినాది. కొంచెంసేపు నేను ఎవురికీ చెప్పలేదు. నా పిల్లను నా కాడ్నే పెట్టుకొన్న్యా.

నువ్వు రమ్మన్నావు. ఆ మాట శాలు. నేను రాలేను తల్లీ. బాలింత ఇంట్లో గుడ్డిదాన్ని పెట్టుకొని నువ్వేం చేస్తావు. తిప్పమ్మ వచ్చి ఏడ్చినాది, కోపాలన్నీ అయిపోయినాయి. అమాస పోయినాక బలసముద్రానికి తీసకపోతాది. ఆడ వాళ్ళకు గొర్రెలుండాయి. నేను గొర్రెల్లోనే పెరిగినదాన్ని, ఆ వాసన తగిలితే నాకు దావ తెలుస్తాది.

ఆయప్పను గూడా తీసకపోతా. పొడుగు మీట యాడుందో సౌభాగ్య నా వేలు పట్టుకొని నేర్పించినాది, ఇప్పుడు నేనే నొక్కుకొంటా.

నువ్వు మళ్ళా పెన్‌డ్రైవు పంపేటప్పుడు మాటలు రాయొద్దు. మంజుశ్రీ చెప్తాండాది, బిడ్డ ఏడుపు గూడా దాంట్లోకి పట్టుకోవచ్చంట. పాలకు ఏడిస్తే ఏడవనీ, కొంచెంసేపు సముదాయించొద్దు. అది పట్టుకొని పంపు. ఆయప్ప చదివేది శానా విన్న్యా. ఎవురైనా నోరు తెరిచి ఏడిస్తే వినాలని ఉండాది.

మారక్క